కొక్కెము క్రింద నిలబడేవారు



క్రిందటి నెలలో ఈ పేజీలో పిల్లల పెండ్లిండ్లకు చేసే అప్పుల గురించి వ్రాశాము. దానికి వచ్చిన జవాబులు ఇంకా చదువుతూనే ఉన్నాము. వాటి నడుమ వేరే సంగతితో ఒక తల్లి వ్రాసిన ఉత్తరము కనబడింది. నాలుగు రోజులు బల్ల మీదనే ఉన్నది. దానిని ప్రక్కన పెట్టడము మా వల్ల కాలేదు. అందులో ఉన్నది మేము ముప్పది ఏండ్లు చేసిన పని.

ఆ తల్లి కుమారుడు మెకానికల్ ఇంజనీరింగు చదివి, రెండేళ్ళ క్రిందట నౌకాదళమునకు చెందిన ఒక యార్డులో ఉద్యోగములో చేరాడు. మా వాడు యుద్ధనౌకల మీద పని చేస్తాడని బంధువులందరికీ చెప్పుకున్నారు. తీరా చూస్తే అతనిని వేసింది క్రేన్ల విభాగములో. "నాలుగేళ్ళు చదివించి గ్రీజు పూసే పనికి పంపామా" అని ఆమె అప్పట్లో బాధ పడిందట. ఇప్పటి బాధ అది కాదు. గడచిన నెలలో ఒక క్రేనును వాడవచ్చునని వ్రాసి ఉన్న కాగితము మీద అబ్బాయి సంతకము చేయనన్నాడు. తాడులో తీగలు తెగి ఉన్నాయన్నాడు. దానితో ఒక ఓడ రెండు రోజులు ఆగిపోయింది. పై అధికారి పదిమంది ఎదుట కేకలు వేశారు. అబ్బాయి ఇంటికి వస్తే సరిగా తినడము లేదు, మాట్లాడడము లేదు. "వెళ్ళి క్షమాపణ అడుక్కోమని చెప్పమంటారా, అన్నయ్యగారూ?" అని ఆమె ప్రశ్న.

చెల్లెమ్మా, జవాబు చెప్పేముందు మీ అబ్బాయి చేసే పని ఏమిటో మీకు చెప్పాలి. అతను చెప్పి ఉండడు. మేమూ మా ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

నౌకాదళపు యార్డులో ఓడను తయారు చేయడము కంటే బాగు చేయడమే ఎక్కువ. ఓడను డ్రై డాక్‌లోనికి తెచ్చి, నీళ్ళు తోడివేసి, దిమ్మెల మీద కూర్చోబెడతారు. అటు తర్వాత దాని కడుపులోనివన్నీ బయటికి రావాలి. పంపులు, జనరేటర్లు, ఇరుసులు, ప్రొపెల్లర్లు, ఒక్కొక్కసారి డెక్కును కోసి తీయవలసిన ఇంజనులు. అవన్నీ క్రేను కొక్కేనికి తగిలించే తీస్తారు, తిరిగి దించుతారు. క్రేను ఆగితే ఓడ ఆగుతుంది. ఓడ ఆగితే పైనుంచి క్రింది దాకా అందరూ క్రేన్ల ఇంజనీరు వైపు చూస్తారు. క్రేను నడిచినంత కాలము అతను ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు.

క్రేను ఇన్ని టన్నులు ఎత్తుతుంది అని దాని మీద వ్రాసి ఉంటుంది గాని, ఆ మాట సగమే నిజము. నిండు బిందెను చంకన పెట్టుకొని మీరు వీధి చివరి కుళాయి నుండి ఇంటికి తెస్తారు. అదే బిందెను చెయ్యి చాపి పట్టుకోమంటే ఎంతసేపు పట్టుకోగలరు? క్రేను కూడా అంతే. జిబ్ అనే దాని చెయ్యి దగ్గరగా ఉన్నప్పుడు ఎత్తిన బరువును, దూరముగా చాపినప్పుడు ఎత్తలేదు. ఎంత దూరములో ఎంత బరువు అనే పట్టిక డ్రైవరు ముందు వ్రేలాడుతూ ఉంటుంది. ఆ పట్టికను దాటితే తాడు తెగకముందే క్రేను తలక్రిందులు కావచ్చు.

స్లింగుల సంగతి కూడా అటువంటిదే. పది టన్నుల బరువును రెండు స్లింగులతో నిలువుగా ఎత్తితే ఒక్కొక్క దాని మీద అయిదు టన్నులు పడుతుంది. అవే స్లింగులను బాగా ప్రక్కలకు జరిపి, నేలబారుకు 30 డిగ్రీల వాలులో కట్టారనుకోండి, ఒక్కొక్క దాని మీద పది టన్నులు పడుతుంది. బరువు పెరగలేదు, కట్టిన తీరు మారింది, అంతే. కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఈ లెక్క పుస్తకములో తెలిసే ఉంటుంది. ముసలి ఖలాసీలకు కంటితో తెలుస్తుంది. మేము నేర్చుకున్నది ఎక్కువ వాళ్ళ దగ్గరే.

ఓడల దగ్గర ఇంకొక చిక్కు ఉన్నది. యంత్రము బరువు బొమ్మల కాగితములో ఎనిమిది టన్నులని ఉంటుంది. కాని దాని లోపల పాత నీరు, నూనె నిలిచి ఉంటాయి. నడుమ ఎప్పుడో ఎవరో అదనముగా బిగించిన గొట్టములు ఉంటాయి. పైగా మురికి క్రింద ఒక్క బోల్టు విప్పకుండా మిగిలిపోతే, క్రేను ఎత్తుతున్నది యంత్రమును కాదు, ఓడనే! అందుకే అంగుళము ఎత్తి ఆపాలి. బరువు చూపే ముల్లు ఎక్కడ ఉన్నదో చూడాలి. చుట్టూ తిరిగి చూడాలి. అప్పుడే తర్వాతి అంగుళము. ఓడ కడుపులో ఉన్న వస్తువు పైన ఉన్న డ్రైవరుకు కనబడదు. సిగ్నలు ఇచ్చే మనిషి చేతి మీద, వాకీ టాకీలో అతని గొంతు మీద ఆధారపడి నడపాలి.

ఇక ఉప్పుగాలి. సముద్రపు ఒడ్డున ఇనుము బ్రతకడము కష్టము. తాడు పైకి గ్రీజుతో నల్లగా నిగనిగలాడుతుంది, లోపల తుప్పు తింటూ ఉంటుంది. మీ అబ్బాయి చూసినది ఆ తాడునే గనుక దాని గురించి కాస్త వివరముగా చెబుతాము.

క్రేను తాడు పురికొస వంటిది కాదు. ఉక్కు తీగలను మెలివేసి ఒక పేట, అటువంటి ఆరు పేటలను నడిమి తాడు చుట్టూ మెలివేసి ఒక తాడు. మామూలుగా అది మోయవలసిన బరువుకు కనీసము అయిదు రెట్లు మోసే బలము ఉండేలా తాడును ఎంచుతారు. అందువల్ల ఒకటి రెండు తీగలు తెగినంత మాత్రాన ఏమీ కాదు. ఎన్ని తెగితే తాడును తీసివేయాలో లెక్క ఉన్నది. ఒక పేట తాడు చుట్టూ ఒక చుట్టు పూర్తిగా తిరిగే పొడవును ఒక 'లే' అంటారు. అమెరికా వారి కొన్ని క్రేన్ల ప్రమాణములలో నడిచే తాడుకు పెట్టిన హద్దు ఇది: ఒక 'లే' పొడవులో మొత్తము మీద 12 తీగలు గాని, ఒకే పేటలో 4 తీగలు గాని తెగి ఉంటే ఆ తాడు ఇక పనికిరాదు. లెక్కించే పద్ధతి చాలా నాటుది. గ్రీజు తుడిచి, పాత గుడ్డతో తాడును వదులుగా పట్టి జరుపుతూ పోవాలి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ తెగినట్లు. మోకాళ్ళ మీద కూర్చొని, ఎండలో, అంగుళము అంగుళము. ఇదేనమ్మా మీరు గ్రీజు పని అనుకున్నది.

మీ ఉత్తరములో "ఒక పేటలో అయిదు తెగాయని అంటున్నాడు" అని వ్రాశారు. ఆ అయిదు అనే అంకె దగ్గర మేము చదవడము ఆపి కాసేపు అలాగే కూర్చున్నాము.

చట్టము కూడా ఇటువంటి సంగతులను మనిషి ఇష్టమునకు వదలలేదు. 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 29వ సెక్షనులో, బరువులు ఎత్తే యంత్రములను, గొలుసులను, తాళ్ళను తగిన అర్హత గల వ్యక్తి కనీసము 12 నెలలకు ఒకసారి క్షుణ్ణముగా పరీక్షించాలని ఉండేది. ఎంత బరువు వరకు ఎత్తవచ్చునో స్పష్టముగా వ్రాసి పెట్టాలని, దానిని మించరాదని ఉండేది. పట్టాల మీద నడిచే క్రేను దారిలో మనుషులు పని చేస్తుంటే క్రేను వారికి ఆరు మీటర్ల దగ్గరకు రాకుండా ఏర్పాటు ఉండాలని కూడా అందులో ఉండేది. ఓడరేవుల కార్మికుల కొరకు 1990లో వచ్చిన నియమములలో, క్రేనును పరీక్షించేటప్పుడు ఎంత ఎక్కువ బరువు వేలాడదీయాలో కూడా చెప్పారు. 20 టన్నుల లోపు దానికి నాలుగవ వంతు ఎక్కువ, 20 నుండి 50 టన్నుల దానికి 5 టన్నులు ఎక్కువ, 50 దాటితే పదవ వంతు ఎక్కువ. అంటే, మామూలుగా మోయకూడని బరువును ఒక్క ఆ రోజున కావాలని మోయిస్తారు. కనుక క్రేను జీవితములో అన్నిటికంటే జాగ్రత్త కావలసిన రోజు పరీక్ష రోజే.

2020 ఆగస్టు 1వ తేదీన విశాఖపట్నములోని హిందుస్థాన్ షిప్‌యార్డులో ఒక భారీ క్రేను కూలిపోయి 11 మంది చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. క్రేనును నడిపి పరీక్షించి చూస్తున్న సమయములో జరిగింది. కారణముల జోలికి మేము పోము, అవి విచారణ చేసినవారు చెప్పవలసినవి. ఆ సాయంత్రము టీవీలో నేల మీద పడి ఉన్న ఆ ఇనుప రాశిని చూసి మా ఇంట్లో ఎవరూ అన్నము ముట్టలేదు. మాతో పని చేసి విరమించిన ఇద్దరు ఫోను చేశారు గాని ఏమీ మాట్లాడుకోలేకపోయాము.

ఇప్పుడు మా సంగతి చెబుతాము. ఇది చెప్పడానికే నాలుగు రోజులు పట్టింది.

మేము ఉద్యోగములో చేరిన ఆరవ ఏట. ఏ యార్డు అనేది ఇక్కడ అనవసరము. జెట్టీ మీద ఒక క్రేనుకు బరువు ఎత్తే బ్రేకు కొంచెము జారుతున్నదని డ్రైవరు చెప్పాడు. క్రేను బ్రేకు మన కారు బ్రేకు వంటిది కాదు. కరెంటు ఉన్నప్పుడు తెరచుకుంటుంది, కరెంటు పోతే స్ప్రింగు బలముతో తనంతట తానే మూసుకుంటుంది. మంచి ఏర్పాటే. అయితే ప్రక్కనే ఉన్న గేరు పెట్టె సీలు పాడై నూనె చుక్క చుక్కగా బ్రేకు డ్రమ్ము మీదికి వస్తున్నది. సీలు మార్చి, బ్రేకు లైనింగులు మార్చాలంటే రెండు రోజులు. ఓడ మరునాడు పోటు వేళకు బయలుదేరాలి. మిగిలినది ఒక్క పంపు, మూడు టన్నులు కూడా ఉండదు. పాతిక టన్నుల క్రేనుకు అది ఒక లెక్కా?

డ్రమ్మును గుడ్డతో తుడిపించాము. స్ప్రింగు కాస్త బిగించాము. చిన్న బరువు ఎత్తి చూశాము, నిలిచింది. సంతకము చేశాము. మమ్ములను ఎవరూ బలవంతము చేయలేదని ఇక్కడ చెప్పడము న్యాయము. అందరూ గడియారము చూసుకుంటూ నిలబడ్డారు, అంతే.

పంపు తన పీఠము మీదికి దిగుతూ ఆగింది. ఆగిన తర్వాత ఒక జానెడు జారింది. జానెడే. మళ్ళీ ఆగింది. ఆ జానెడు నడుమ ఒక ఖలాసీ ఎడమ చెయ్యి ఉన్నది. రెండు వ్రేళ్ళు పోయాయి.

విచారణ కాగితములో "కార్మికుడు అజాగ్రత్తగా చెయ్యి పెట్టుటవలన" అని వ్రాశారు. దాని మీద కూడా సంతకము చేశాము.

అతను శ్రీకాకుళము వైపు నుండి వచ్చినవాడు. రెండు వారముల తర్వాత ఆదివారము ఆరాధన ముగిశాక ఇంటికి పోకుండా వాళ్ళ వాడకు వెళ్ళాము. ఒకటే గది. ఆయన భార్య ఉన్న ఒక్క కుర్చీని తుడిచి మాకు వేసింది, ప్రక్కింటి నుండి పాలు తెచ్చి టీ పెట్టింది. అతను మంచము మీద కూర్చున్నాడు. మేము చూస్తే బాధ పడతామని కాబోలు, కట్టు కట్టిన చెయ్యిని తువ్వాలు క్రింద దాచుకున్నాడు. మేము ఏదో చెప్పబోతే, "మీరేటి సేస్తారు బాబూ, సెయ్యి ఎట్టింది నానే గదా" అన్నాడు. మేము నిజము చెప్పి ఉండవలసినది. చెప్పలేదు. టీ త్రాగి వచ్చాము. ఆ సంగతి అతనికి చెప్పడానికి మాకు ఇంకా పదకొండు ఏండ్లు పట్టింది. అప్పటికి అతను వేరే చోటికి మారాడు, వెదకి పట్టుకొని చెప్పాము. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ కాగితము మార్పించగలరా బాబూ" అని మాత్రము అడిగాడు. అర్జీ పెట్టాము. ఆ పాత ఫైలు ఇక తెరిచేది లేదన్నారు.

ఇందుకే అమెరికా నౌకాదళపు పద్ధతిని గురించి చదివినప్పుడు మాకు కొంత ఆశ్చర్యము, కొంత అసూయ కలిగాయి. వారికి క్రేన్ల పనికే ప్రత్యేకముగా ఒక కార్యాలయము ఉన్నది, వర్జీనియా రాష్ట్రములో పోర్ట్స్‌మత్ అనే చోట. వారి నియమములలో క్రేను ప్రమాదము అంటే మనిషి గాయపడడము మాత్రమే కాదు. కొక్కెము వెళ్ళి జిబ్ తలకు గుద్దుకున్నా, ఎత్తదగిన దానికంటే ఎక్కువ ఎత్తినా, బరువు దేనికైనా తగిలినా, ఎవరికీ గీత పడకపోయినా, అది ప్రమాదమే. దానిని వ్రాసి పంపవలసినదే. చిన్నవాటిని దాచకుండా వ్రాస్తే పెద్దవి తగ్గుతాయని వారి లెక్క. మా రోజుల్లో జానెడు జారి వ్రేళ్ళు తగలకుండా ఆగి ఉంటే, దానిని ఎవరూ ఎక్కడా వ్రాసేవారు కాదు. "గండము గడిచింది" అనుకొని టీకి వెళ్ళేవాళ్ళము.

చెల్లెమ్మా, ఇప్పుడు మీ ప్రశ్న. సంతకము చేయనందుకు క్షమాపణ అక్కరలేదు. ఆ విషయములో అతను ఒక్క అడుగు కూడా వెనుకకు వేయనక్కరలేదు. కాని వయసులో పెద్దవారితో పదిమంది ముందు మాట తూలి ఉంటే, ఆ మాటకు మాత్రము వెళ్ళి మన్నించమని అడగమనండి. రెండూ వేరు వేరు. కుర్రవాళ్ళు వాటిని కలిపేస్తారు, మేమూ కలిపేసేవాళ్ళము.

మీ అబ్బాయి పక్షమే పూర్తిగా తీసుకున్నామని అనుకోవద్దు. ఆ పై అధికారి చెడ్డవాడని కూడా మేము అనుకోవడము లేదు. నౌకాదళపు ఓడ రెండు రోజులు ఆగడము చిన్న సంగతి కాదు. దాని కొరకు ఎదురుచూసే వేరే ఓడ ఉంటుంది, పోటు వేళలు తప్పిపోతాయి, డాక్ ఖాళీ కాదు. ఆయన పైన ఇంకొకరు ఉంటారు. అందుచేత "చేయను" అని ఊరుకుంటే ఇంజనీరు పని సగమే అయినట్లు. తాడు మార్చడానికి ఇన్ని గంటలు పడుతుంది, స్టోరులో తాడు ఉన్నదా లేదా, ఈ లోపల ప్రక్క క్రేను ఎంత దూరములో ఎంత ఎత్తగలదు, ఏ పనులు ముందు జరుపుకోవచ్చును, ఇవన్నీ ఒక కాగితము మీద వ్రాసి ఆ "చేయను"తో పాటే చేతికి ఇవ్వాలి. ఇది మాకు నేర్పినవారు మా రెండవ అధికారి. ఆయన కేకలు వేయడములో కూడా గట్టివారే. కాని కాగితము చేతికిస్తే కేకలు ఆపి చదివేవారు.

ఇంకొకటి. ఏ పేటలో ఎన్ని, ఏ చోట, ఏ తేదీన, ఎవరి ఎదుట లెక్కించాడో అతను తన లాగ్ పుస్తకములో ఆ రోజే వ్రాశాడా అని అడగండి. వ్రాయకపోతే జ్ఞాపకము ఉండగానే, ఇవాళ్టి తేదీతోనే వ్రాయమనండి. పాత తేదీ వేయవద్దు. తీసివేసిన తాడులో ఆ భాగము ఒక మూరెడు కోసి, చీటీ కట్టి, విభాగములో ఉంచమని అడగవచ్చు. మాటల కంటే ఆ ముక్క బాగా మాట్లాడుతుంది. మా బల్ల మీద అటువంటి ముక్క ఒకటి పద్దెనిమిది ఏండ్లు ఉన్నది. కొత్తగా వచ్చిన ప్రతి కుర్రవాని చేతికీ గుడ్డ ఇచ్చి, దాని మీద జరిపి లెక్క చెప్పమనేవాళ్ళము. సగము మంది తప్పు చెప్పేవారు.

ఉద్యోగములో ఎదుగుదల ఆగిపోతుందేమోనని కూడా మీరు భయపడ్డారు. ఆగదని మేము మాట ఇవ్వలేము. ఒకటి రెండేళ్ళు వెనుకబడినవారిని చూశాము. కాని తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి, క్రేన్లను పట్టాలకు బిగించే పిన్నులు సరిగా దిగాయా, గుంటలలో ఇసుక నిండి పైపైన ఆగాయా అని చూసి రావడానికి పై అధికారులు ఎవరిని పిలిచేవారో కూడా చూశాము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు గాలి గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. అటువంటి గాలి ముందు ఇన్ని అడుగుల ఇనుమును నిలబెట్టి ఇంటికి వెళ్ళి పడుకోవాలంటే, గుంటలోనికి చెయ్యి పెట్టి చూసిన మనిషి ఒకడు కావాలి.

అబ్బాయిని బలవంతపెట్టి మాట్లాడించవద్దు. కంచము ముందు పెట్టి, "ఆ తాడు ఎట్లా లెక్కిస్తారురా, నాకు చూపించు" అని అడగండి. ఇంట్లో కొబ్బరి తాడు ఉంటే అది చాలు. మాకు మా అమ్మ అట్లా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆమెకు మేము ఓడల మీద పని చేస్తామనే చివరి వరకు తెలుసు.

అతను మాతో మాట్లాడాలనుకుంటే ఈ పత్రిక కార్యాలయమునకు వ్రాయమనండి, మాకు అందజేస్తారు. అంతకంటే ముందు, అన్నము తిన్నాడని మీరు ఒక కార్డు ముక్క వ్రాయండి.